నలభై రెండు బొమ్మలు

జనవరి 12, 2025, ఆదివారం

పొద్దున్నే హైదరాబాదు నుంచి మేనల్లుడి ఫోను. "మామయ్యా, నాన్నగారి సహస్ర చంద్ర దర్శనానికి ఫొటోల వీడియో నువ్వే చెయ్యాలి. హాల్లో పెద్ద ఎల్ఈడీ తెర ఉంటుంది. ఓ మంచి పాట వేసి అయిదు నిమిషాల్లో లాగించెయ్." సాయంత్రానికి లింకు పంపించాడు. తెరిచి చూస్తే 1,043 ఫొటోలు!

వేడుక ఫిబ్రవరి 9న. బావగారు పుట్టింది 1944 ఏప్రిల్లో. పున్నమికీ పున్నమికీ మధ్య ఇరవై తొమ్మిదిన్నర రోజులు, ఆ పైన కొంచెం. వెయ్యి పున్నములంటే 29,530 రోజులు, అంటే ఎనభై ఏళ్ళ పది నెలలు. పంతులుగారి ముహూర్తం లెక్కకి సరిపోయింది. నా లెక్కే కుదరడం లేదు. ఫొటోకి మూడు సెకన్ల చొప్పున వేసుకున్నా యాభై రెండు నిమిషాలు.

"అన్నీ వేస్తే విస్తళ్ళు వేసే వేళకి మీరింకా వదినగారి పెళ్ళి దగ్గరే ఉంటారు" అంది మా ఆవిడ.

జనవరి 16, గురువారం, ముక్కనుమ

పండగ సందడి తగ్గింది. కంప్యూటరు ముందు కూచుని మొదటి వడపోత చేశాను. మసకవి, ఒకే ఫొటో నాలుగేసి సార్లు వచ్చినవి, ఎవరో పంపిన గుడ్ మార్నింగ్ గులాబీలు తీసేస్తే 600 మిగిలాయి.

చేసేముందు నేను ఇదివరకు చూసిన స్లైడ్‌షోల్లో మనసులో నిలిచినవేవో, నిలవనివేవో రాసుకోవాలనిపించింది. నిరుడు ఒక స్నేహితుడి పదవీ విరమణ సభలో వాళ్ళబ్బాయి వేసిన వీడియో: 118 ఫొటోలు, నాలుగు నిమిషాలు. ఒకటి గిర్రున తిరుగుతూ వచ్చింది, ఒకటి పుస్తకంలో పేజీలా మడతపడింది, ఒకటి గాజుముక్కలై రాలింది. వెనక హోరెత్తే సినిమా పాట. అందరం చప్పట్లు కొట్టాం. ఇంటికొచ్చాక ఒక్క ఫొటో గుర్తు తెచ్చుకుందామంటే రాలేదు. పేజీ మడత మాత్రం గుర్తుంది.

అలాగని ఆ మాయలన్నీ దండగ అనలేను. 1990ల్లో పెళ్ళి క్యాసెట్టుకి 'మిక్సింగ్' చేయించని ఇల్లు మా బంధువుల్లో లేదు. మా ఆఖరి చెల్లెలి క్యాసెట్లో పెళ్ళికూతురు తామర పువ్వులోంచి లేచింది, పెళ్ళికొడుకు మొహం తాజ్ మహల్ గుమ్మటం మీద వెలిగింది. ముప్ఫై ఏళ్ళు దాటినా ఆ గుమ్మటం మాటెత్తితే ఇంటిల్లిపాదీ నవ్వుతారు, మా మరిదిగారితో సహా. ఆ తామర పువ్వు తాపీగా విచ్చుకునేది. అది విచ్చుకునేలోపు ఎవరో ఒకరు ఏదో ఒక మాట అనేవారు. 118 ఫొటోల దగ్గర మాట అనే వ్యవధే లేదు.

అసలు మేం మొదట చూసిన స్లైడ్లు సినిమా హాల్లోవి. బట్టల కొట్టు, పళ్ళపొడి, పొగ త్రాగరాదు. ఎప్పుడైనా మసి పూసిన గాజు పలక మీద సూదితో గీసిన వంకర అక్షరాలు పడేవి: ఫలానా ఊరి ఫలానా వారి కోసం బయట మనిషి వచ్చి ఉన్నాడు. హాలంతా వెనక్కి తిరిగేది, ఎవరు లేస్తారా అని. లేచినాయన చీకట్లో చెప్పులు వెతుక్కుంటూ వెళ్ళిపోయాక, ఏమై ఉంటుందబ్బా అని గుసగుసలు. ఒకే ఒక్క స్లైడు, బొమ్మ కూడా లేదు. ఆ రోజు సినిమా ఏదో మర్చిపోయానుగానీ ఆయన లేచిన తీరు మర్చిపోలేదు.

జనవరి 19, ఆదివారం

నేను చూసినవాటన్నిటిలోకీ పెద్దది మా బాబాయి వేసిన ఆట. 1968 వేసవి. నాకు పదమూడేళ్ళు.

బాబాయి నాగార్జునసాగర్ డ్యాం మీద ఓవర్‌సీరుగా పనిచేసేవాడు. అక్కడ ఒక పెద్ద ఇంజనీరు దగ్గర ఫొటోలు తీయడం నేర్చుకున్నాడు. రంగు స్లైడ్ల ఫిల్ము కడగడానికి బొంబాయి పంపి నెలల తరబడి ఎదురు చూసేవాడట. ఆ వేసవి ప్రొజెక్టరు అరువు తెచ్చుకుని మా ఊరొచ్చాడు. పెరటి గోడకి నాయనమ్మ దుప్పటి కట్టారు. పిల్లలం చాప మీద, పెద్దవాళ్ళు నులక మంచాల మీద.

స్లైడు ఎలా పెట్టాలో బాబాయి నాకు చూపించాడు. రెండంగుళాల చదరపు అట్ట, మధ్యలో తపాలా బిళ్ళంత బొమ్మ. బొమ్మని సరిగ్గా కళ్ళెదుట పట్టుకుంటే ఎడమ వైపు కింది మూల ఒక ఎర్ర చుక్క పెట్టి ఉంటుంది. ప్రొజెక్టరులో తలకిందులుగా దింపాలి కాబట్టి అప్పుడు చుక్క కుడి పైమూలకి వస్తుంది. బొటనవేలు సరిగ్గా దాని మీద పడితే బొమ్మ తెర మీద తిన్నగా నిలబడినట్టే. ఒకసారి చుక్క చూసుకోకుండా పెట్టాను. డ్యాం తలకిందులైంది. "నీళ్ళన్నీ పోయాయి" అన్నాడు ఎవరో, చాప చాపంతా దొర్లింది.

బల్బు వేడికి స్లైడు ఉబ్బేది. చూస్తూ ఉండగానే బొమ్మ అలుక్కుపోయేది. బాబాయి లెన్సు మెల్లిగా తిప్పి మళ్ళీ తేటపరిచేవాడు. ఆ కాసేపట్లో ఎవరో ఒకరు ఏదో అడిగేవారు, ఆయన చెప్పేవాడు. తట్టలు మోసే ఆడవాళ్ళ బారు, సగం లేచిన రాతి కట్టడం, చీమల్లా మనుషులు. తర్వాత నాగార్జునకొండ లోయ: ఇక్ష్వాకుల విజయపురి. 1954 నుంచి ఆరేళ్ళు తవ్వి, బయటపడిన కట్టడాల్లో కొన్నిటిని రాయి రాయి విప్పి కొండ మీదికి, గట్టు మీదికి చేర్చారు. ఇప్పుడు అనుపులో నిలబెట్టిన రంగస్థలం అప్పటికింకా లోయలోనే ఉంది, దాని రాతి మెట్ల మీద ఒక మేకపిల్ల. "ఇదంతా ఇప్పుడు నీళ్ళ కింద ఉంది" అన్నాడు బాబాయి. అంతకుముందు ఏడాదే కాలువలకి నీళ్ళు వదిలారు. తర్వాతి స్లైడు ఒక పల్లె. పూరిళ్ళు, వేప చెట్టు, చెట్టు కింద ఒక ముసలాయన.

నాయనమ్మ అడిగింది: "ఆ ఊళ్ళో వాళ్ళంతా ఎక్కడికి పోయార్రా?"

దానికి స్లైడు లేదు బాబాయి దగ్గర. తర్వాతిది పెట్టకుండా చాలాసేపు అలాగే నిలబడ్డాడు. బొమ్మ ఉబ్బి అలుక్కుపోయింది. లెన్సు కూడా తిప్పలేదు.

జనవరి 24, శుక్రవారం

300కి దించాను. ఇంకా చాలా ఎక్కువ.

బ్యాంకులో నాతో పనిచేసిన ఒకాయన గుర్తొచ్చాడు. 1980ల్లో ఫొటోల పిచ్చి ఉన్నవాళ్ళం ఆయన ఇంట్లో చేరేవాళ్ళం. ఆయన దగ్గర రెండు ప్రొజెక్టర్లు. రెండూ ఒకే తెర మీద పడేటట్టు పక్కపక్కన పెట్టి, వాటి ముందు రంపంలా పళ్ళు కోసిన అట్టముక్కని జరిపేవాడు. ఒక లెన్సు కొద్దికొద్దిగా మూసుకుంటుంటే రెండోది కొద్దికొద్దిగా తెరుచుకునేది. ఒక బొమ్మ కరిగి ఇంకోటి తేలేది. ఇప్పుడు ఫోనులో వేలితో తట్టేస్తే అయ్యే పని. అప్పుడాయన నడుం వంచి, ఊపిరి బిగబట్టి చేసేవాడు.

కొండపల్లి బొమ్మల మీద ఆయన చేసింది పన్నెండు నిమిషాల ఆట. మాటల్లేవు. కొండపల్లిలో టేపు రికార్డరు పెట్టి పట్టుకొచ్చిన ఉలి చప్పుడు, మధ్యలో ఎవరిదో దగ్గు, అంతే. తెల్ల పొణికి కర్ర ముక్క ఒకటి తెర నిండా. అది కరుగుతోంది. దాని చోట రంగులేసిన ఏనుగు అంబారీ తేలుతోంది. రెండూ సగం సగం ఉన్నప్పుడు చెక్కని కర్ర లోపల ఏనుగు నిలబడి ఉంది! ఆ బొమ్మని ఎవరూ తియ్యలేదు, ఏ స్లైడులోనూ లేదు. రెండు బొమ్మల నడుమ నాలుగు క్షణాలు ఉండి పోయింది. ఇంగ్లండులో ఈ విద్య సాధన చేసే ఔత్సాహికులు దీన్ని 'మూడో బొమ్మ' అంటారని తర్వాత ఆయనే చెప్పాడు. వాళ్ళ గొప్పంతా దాని మీదే ఉంటుందట: ఏ రెంటిని పక్కపక్కన పెడితే నడుమ మూడోది పుడుతుందో కనిపెట్టడం.

ఆయన ఇంకో మాట కూడా అనేవాడు. "ఒక్క మొహం ఉన్న ఫొటోకి నాలుగు సెకన్లు చాలు. పదిమంది ఉంటే పది కావాలి. ముందు ఎవరికి వాళ్ళు తాము ఎక్కడున్నామో చూసుకుంటారు. ఆ తర్వాతే మిగతావాళ్ళని చూస్తారు." రాత్రి మా ఆవిడకి ఒక గ్రూపు ఫొటో చూపించి గడియారం పట్టుకున్నాను. తనని తను వెతుక్కోడానికి రెండు సెకన్లు. "ఆ చీర ఎక్కడ పోయిందో" అన్నది అయిదో సెకను. నన్ను చూడనే లేదు.

జనవరి 30, గురువారం

సాఫ్టువేరులో 'కెన్ బర్న్స్' అని ఒక మీట ఉంది. నొక్కితే ఫొటోలన్నీ వాటంతటవే మెల్లగా జరుగుతాయి, దగ్గరవుతాయి. నొక్కాను. బావగారి నుదురు తెగిపోయింది, అక్క మోచెయ్యి తెర నిండా వచ్చింది.

పేరు కెన్ బర్న్స్‌దేగానీ ఆ పద్ధతి ఆయనకి ముందునుంచీ ఉన్నదే. అమెరికా అంతర్యుద్ధం మీద 1990లో పాత ఫొటోలతో ఆయన తీసిన సీరియల్‌తో అది ఆయన పేరుతో ముడిపడింది. తనకి దారి చూపింది 'సిటీ ఆఫ్ గోల్డ్' అని ఆయనే చెప్పుకున్నాడు. కెనడా నేషనల్ ఫిల్మ్ బోర్డు కోసం కోలిన్ లో, వుల్ఫ్ కోనిగ్ 1957లో తీసిన చిన్న సినిమా అది. డాసన్ అనే ఊరు, బంగారం కోసం అక్కడికి ఎగబడిన జనం, అరవై ఏళ్ళ నాటి నిశ్చల చిత్రాలు. కథ చెప్పే పియర్ బర్టన్ ఆ ఊళ్ళోనే పెరిగినవాడు. రాత్రి మళ్ళీ చూశాను. మంచుకొండ మీద మూటలు మోసుకుంటూ ఎక్కే మనుషుల బారు వస్తుంది. కదలని ఫొటో, కానీ కెమెరా ఎక్కుతుంటే మనకి ఆయాసం వస్తుంది. అక్కడ కెమెరా ఎక్కడానికి కారణం ఉంది. మా అక్క మోచేతి దగ్గరికి వెళ్ళడానికి కారణమేమీ లేదు.

మీట తీసేశాను. ఫొటోలు కదలవు. ఎవరూ కొండ ఎక్కడం లేదు కదా.

ఫిబ్రవరి 4, మంగళవారం, రథసప్తమి

చిక్కుడాకుల్లో పరమాన్నం తిని సత్యనారాయణపురం అక్క వాళ్ళింటికి వెళ్ళాను. దారిలో మా అపార్ట్‌మెంటు రెండో అంతస్తు కుర్రాడు ఎదురయ్యాడు. ఇప్పుడు ఇంటరు. వాడు చేసిన స్లైడ్‌షో కూడా నా లెక్కలో ఉంది. 2020 లాక్‌డౌన్ మొదలైన మార్చి 25 నుంచి 21 రోజులు, రోజుకొక ఫొటో. బాల్కనీలోంచి, సాయంత్రం ఆరింటికి, అదే వీధి మలుపు. మూసిన ఇస్త్రీ బండి, ఒక కుక్క, కొన్ని రోజులు ఆ కుక్క కూడా లేదు. పాట లేదు. ఎవరింట్లోనో కుక్కరు విజిలు, ఎవరిదో టీవీ వార్తలు. పన్నెండో ఫొటో ఒక్కటే చీకటిగా ఉంటుంది. ఏప్రిల్ 5 రాత్రి తొమ్మిదింటికి లైట్లు ఆర్పి దీపాలు పెట్టమన్నారు కదా, ఆ రోజు నియమం తప్పి అప్పుడు తీశాడు. మలుపంతా చిన్న చిన్న దీపాలు. ఇరవై ఒకే రకమైన ఫొటోలు లేకపోతే ఆ ఒక్కటీ అంత వెలగదు. పదకొండేళ్ళ పిల్లాడికి అది ఎవరు చెప్పారు?

అక్క దగ్గర ల్యాప్‌టాప్ తెరిచాను. అసలు చిక్కు ఏమిటంటే బావగారు ఫొటోల్లో లేరు. రైల్వే గార్డు ఉద్యోగం. 2004లో రిటైరయ్యేదాకా పండగలూ పుట్టినరోజులూ ఆయన లైను మీదే. పాత ఫొటోలు 212 ఉంటే ఆయన కనిపించేవి 31. ఎవరి వేడుకో ఆయనే లేకుండా వేడుక వీడియో ఎలా చేస్తాం? అందుకని లేనివన్నీ తీసేస్తూ వచ్చాను.

తీసేసినవాటిలో ఒకటి తెర మీద పడేసరికి అక్క, "ఒరేయ్, ఆగు" అంది. 1972, పెద్దమ్మాయి మొదటి పుట్టినరోజు. నలుపు తెలుపు ఫొటో. రైల్వే క్వార్టరు గది, అక్క ఒళ్ళో పిల్ల, చుట్టూ ఇరుగుపొరుగు. పిల్ల కెమెరా వైపు చూడటం లేదు. పనికిరాని ఫొటో అనుకున్నాను.

అక్క వేలు కిటికీ గట్టు దగ్గర పెట్టింది. అక్కడ చుట్టిపెట్టిన రెండు జెండాలు. "పైది పచ్చది" అంది. ఫొటోలో రెండూ బూడిద రంగే. "డ్యూటీకి వెళ్ళిపోయారు. జెండాలు మర్చిపోయి వెనక్కి వచ్చారు. ఇదిగో, గుమ్మంలో నుంచుని 'తల్లీ' అన్నారు. అందుకే ఇది అటు చూస్తోంది."

పిల్ల చూపు పట్టుకుని వెళ్తే ఫొటో అంచు. ఆ అంచు అవతల బావగారు!

ఇంటికొచ్చి తీసేసిన 181 మళ్ళీ తెరిచాను.

ఫిబ్రవరి 8, శనివారం, భీష్మ ఏకాదశి

మొత్తానికి 42 ఫొటోలు. ఒక్కోదానికి ఏడేసి సెకన్లు వేస్తే మేనల్లుడు అడిగిన అయిదు నిమిషాలకి సరిపోతుంది. కానీ సెకన్లు వెయ్యలేదు, పాట పెట్టలేదు, వీడియోగా కట్టలేదు. ఫొటోలు వరుసగా పేర్చాను, అంతే. మీట అక్క చేతికిస్తాను. నొక్కితే తర్వాతది, నొక్కకపోతే అదే.

మేనల్లుడికి నచ్చలేదు. "జనాలకి బోరు కొడుతుంది మామయ్యా. అమ్మకి మైకంటే భయం." నిజమే, రెండూ జరగొచ్చు. తెర ఆపరేటరు కుర్రాడు, "పెన్ డ్రైవులో వీడియో ఇచ్చెయ్యండి సార్, ల్యాప్‌టాపంటే మళ్ళీ వైరు గొడవ" అన్నాడు. చివరికి రాజీ: బావగారు, అక్క హాల్లోకి వచ్చేటప్పుడు మేనల్లుడు చేసిన రెండు నిమిషాల పాట వీడియో. అభిషేకం అయ్యాక నాది.

ఫిబ్రవరి 10, సోమవారం

నిన్నటి సంగతి.

మేనల్లుడి వీడియో బాగుంది. మనవరాళ్ళు ఈల వేశారు. ఫొటోలు ఏమున్నాయో నాకు గుర్తులేదుగానీ, అక్క నడుస్తూ నడుస్తూ తన పెళ్ళి ఫొటో చూడటానికి ఆగిపోవడం, వెనక వచ్చే పన్నీటి బుడ్డీ పిల్ల ఆమెని గుద్దుకోవడం గుర్తున్నాయి.

నాది మొదలయ్యేసరికి పదకొండున్నర. అక్క మొదటి మూడు ఫొటోలు గబగబా నొక్కేసింది, మాట పెగల్లేదు. ముందు వరస ఖాళీ అవుతోంది. మేనల్లుడు నా వైపు చూశాడు. నేను చెప్పులవైపు చూసుకున్నాను. నాలుగోది బావగారు గార్డు యూనిఫాంలో, బ్రేకు వ్యాను మెట్టు మీద. వెనక నుంచి ఆయనతో పనిచేసిన ఒక పెద్దాయన లేచి, "అది డోర్నకల్లు!" అని అరిచాడు. "కాదు, ఖమ్మం" అన్నారు బావగారు కుర్చీలోంచి. అక్కడ మొదలైంది. మనవడు, "తాతయ్యా, మిమ్మల్నిప్పుడు ట్రైన్ మేనేజర్ అంటారు తెలుసా" అన్నాడు. గార్డు పేరు 2022లో అలా మార్చారు. "మేనేజర్ అయితే టిఫిను క్యారియరు మోసుకెళ్ళక్కర్లేదేమో" అన్నారు బావగారు.

తొమ్మిదోది జెండాలది. అక్క మైకు అవతల పెట్టేసి, నాకు చెప్పినట్టే చెప్పింది. ముందు నాలుగు వరసలకే వినపడింది, వెనకవాళ్ళు లేచి ముందుకొచ్చారు. "పైది పచ్చది" అంది. బావగారు కళ్ళజోడు సవరించుకున్నారు. "ఎర్రది." "పచ్చది." "గార్డుని నేనా నువ్వా?" "ఆ ఇంట్లో ఉన్నది నేనా మీరా?" రెండొందల మంది ఎదుట, ఎనభై ఏళ్ళు దాటినాయన, డెబ్బై ఆరేళ్ళ ఆవిడ, యాభై మూడేళ్ళ నాటి జెండా రంగు మీద. తేలలేదు.

పెద్దమ్మాయి తెర దగ్గరికి వెళ్ళి నిలబడింది. అంత పెద్ద తెర ముందు అంత దగ్గరగా నిలబడితే ఏమీ కనపడదు, చుక్కలు చుక్కలుగా దీపాలు తప్ప. ఆ పిల్ల తనే అని తెలుసుగానీ అటెందుకు చూస్తోందో ఇన్నేళ్ళూ తెలియదు. వెనక్కి తిరిగి, "నాన్నా, ఎటు నుంచున్నారు?" అంది. ఆయన చెయ్యెత్తి చూపించారు, తెర పక్కన గోడ వైపు. ఆ గోడ మీద ఎగ్జాస్టు ఫ్యాను ఉంది. అందరం కాసేపు దాన్నే చూశాం.

వంటవాళ్ళు రెండుసార్లు కబురు పెట్టారు. పన్నెండూ పది అయ్యేసరికి పదిహేడు ఫొటోలు. మిగతా ఇరవై అయిదూ ఎవరూ చూడలేదు. పులిహోర చల్లారిందని మేనల్లుడు విసుక్కున్నాడు. ఆపరేటరు కుర్రాడు వైరు చుడుతూ, "వీడియో అయితే అయిదు నిమిషాల్లో అయిపోయేది సార్" అన్నాడు. అవునన్నాను.

ఇవాళ పొద్దున ఏడింటికి బావగారి ఫోను. ఎప్పుడూ తనంతట తను చెయ్యరు.

"పద్దెనిమిదోది ఏమిటోయ్?"

చెప్పలేదు. బుధవారం మాఘ పున్నమి, వాళ్ళ డాబా మీద గోడ తెల్లగానే ఉంది, మిగతావి అక్కడ వేద్దామన్నాను. ప్రొజెక్టరు ఎవరి దగ్గర దొరుకుతుందో కనుక్కోవాలి. "పున్నమి వెన్నెల్లో గోడ మీద బొమ్మలేం కనిపిస్తాయండీ" అంటోంది మా ఆవిడ. గోడకి ఏదైనా నీడ కట్టాలి. రెండు దుప్పట్లు సరిపోతాయేమో చూడాలి.